ఎడమవైపు తలుపు

"తలుపు పోతే పోయింది, తల మిగిలింది. ముందు గందుకు సంతోషపడు చెల్లె," అన్నాడు లింబాద్రి.

శ్రీలత సంతోషపడలేదు. వాచిన ఎడమ మణికట్టుకు క్రేప్ బ్యాండేజీ చుట్టుకుంటూ, కొసను పళ్లతో పట్టి లాగి బిగించింది. ఇరవై ఒక్క ఏళ్లుగా రియాద్‌లో ఊరందరికీ కట్లు కట్టిన నర్సు తన చేతికి తనే కట్టు కట్టుకుంటుంటే, సాయం పడతానని అడుగు ముందుకేసే దమ్ము ఆ హాల్లో ఉన్న ఇద్దరు మగవాళ్లకూ లేకపోయింది. ఒకడు తోడబుట్టిన లింబాద్రి. ఇంకొకడు కట్టుకున్న సదానందం. కట్టుకున్నవాడికి ఆలిని కట్టుకోవడం వచ్చింది గానీ ఆలి చేతికి కట్టు కట్టడం రాలేదు.

పొద్దున ఏడింటికి వాళ్లుండే మలాజ్ పేట నుంచి బయలుదేరిన ట్రైలరు తొమ్మిదిన్నరకల్లా తిరిగొచ్చింది. పోయేటప్పుడు తలుపుతో పోయింది. వచ్చేటప్పుడు తలపోతతో వచ్చింది.

సామాన్లు మోసే పెట్టె ట్రైలరులో మంచం, పొయ్యి, సింకు, అల్మారా బిగించి దాన్నొక నడిచే ఇల్లుగా మార్చడానికి సదానందానికి మూడు నెలలు పట్టింది. ఆ ఇంటి తలుపు ఊడబెరకడానికి నీళ్ల ట్యాంకరుకు మూడు క్షణాలు కూడా పట్టలేదు. రేపటి ప్రయాణానికి ఇవాళ రిహార్సలని ఊరవతల తుమామా రోడ్డు పక్కన బండి ఆపారు. శ్రీలత లోపలికెళ్లి కొత్త పొయ్యి మీద మొదటి చాయ్ పెట్టింది. నాలుగు గ్లాసులు పట్టుకొని, మోచేత్తో తలుపు తోసి, ఒక కాలు బయట పెట్టింది. తలుపు ఇసుక వైపుకు తెరుచుకోవాలి. రోడ్డు మీదికి తెరుచుకుంది. ట్యాంకరు విసురుకు ఆమె వెనక్కి పడింది, తలుపు ముందుకు పోయింది. చాయ్ ఎటు పోయిందో ఎవరూ చూడలేదు.

"ట్రైలరే గిట్లుంటే సినిమా ఎట్లుంటదో," అని తిరుగుదారిలో లింబాద్రి ఆరుసార్లు అన్నాడు. ఏడోసారి నోరు తెరవగానే, ట్రైలరును లాగే పికప్పు నడుపుతున్న పొరుగాయన ఫక్రుద్దీన్ బ్రేకు తొక్కి, "భాయ్, మలాజ్ దాకా నడిచి వస్తవా?" అని అడిగాడు.

ఇప్పుడు ఫక్రుద్దీన్, బిల్డింగు వెనక ఖాళీ జాగాలో, బండి దగ్గరున్నాడు. పైన మూడో అంతస్తులో ఒక్క టేపు చప్పుడే వినిపిస్తోంది.

సదానందం సోఫా అంచున కూర్చుని, చెవి మీద పెన్సిలుతో, కొలత టేపును మూరెడు లాగుతున్నాడు, వదులుతున్నాడు. సర్రు... టప్. సర్రు... టప్. పేరులో ఆనందం సదా ఉంది గానీ మొహంలోకి అది ఎప్పుడో పండక్కి వచ్చే చుట్టం.

"ఆ టేపు ఇంగోసారి లాగినవనుకో, నీ మెడకు చుట్టి కొలుస్త," అంది శ్రీలత.

టేపు ఆగింది.

"ఎడమ పక్కకు తలుపు ఎవడు పెట్టమన్నడు?"

సదానందం చెవి మీది పెన్సిలు తీసి, నోరు మెదపకుండా, లింబాద్రి వైపు చూపించాడు.

"నన్నేంది సూపుతవ్ బావా?"

"నిన్ను గాకుంటే ఎవల సూపాలె బావా?"

వాళ్లిద్దరూ ఒకరికొకరు బావలే. ఒకడికి చెల్లెలి మొగుడు, ఇంకొకడికి పెళ్లాం అన్న. ఇరవై ఐదేళ్లుగా ఆ బావ అన్న పిలుపులో ఇద్దరికీ సద్భావం మాత్రం కుదరలేదు.

"కంపాసు పట్టుకొని బండి సుట్టు తిరిగిందెవలు? తూర్పు ముఖం తలుపు వెట్టు, లక్ష్మి నడిసొస్తదన్నదెవలు? నిమ్మకాయ కోసిందెవలు?"

"తూర్పు ముఖం అన్న. ట్యాంకరు ముఖం అన్ననా?"

"చక్రాలున్న ఇంటికి తూర్పేంది అన్నా?" శ్రీలత మధ్యలో అందుకుంది. "మలుపు తిరిగితే అదే తలుపు పడమర కాదా?"

లింబాద్రి ఓపిగ్గా, చిన్నపిల్లకు అక్షరాలు దిద్దించినట్టు చెప్పాడు. "చెల్లె, మనిషి పుట్టినంక నూరూర్లు తిరుగుతడు. జాతకం మారుతదా? బండి గూడ గంతే. తలుపు వెట్టిననాడు ఎటు సూసిందో అదే దాని దిక్కు. ఫోన్ల మన అవ్వ గూడ అదే అన్నది."

వాస్తు చూసినవాడికి వాస్తవం కనబడలేదని అతని మొహం చూస్తేనే తెలుస్తోంది. లింబాద్రి ఉనైజాలో ఖర్జూర తోటలో పని చేస్తాడు. మూడు వారాల సెలవు పెట్టి చెల్లెలింటికి వచ్చాడు. వచ్చిన రోజునే ట్రైలరు చుట్టూ ప్రదక్షిణం చేసి, తలుపు తూర్పుకే ఉండాలని తేల్చాడు. ఆ బండికి తాను పెద్దదిక్కయినట్టు మూడు వారాలుగా మీసం దువ్వుకుంటున్నాడు. ఇవాళ ఆ పెద్దదిక్కుకే దిక్కు తోచడం లేదు.

శ్రీలత లేచి కిటికీ దగ్గరికెళ్లింది. కింద ట్రైలరు కనిపిస్తోంది. తెల్ల గోడ మధ్యలో తలుపు పోయిన చోట నల్లటి బొక్క. పన్నున్న చోట పన్ను లేనట్టు.

రియాద్ రింగురోడ్డు మీద ఎగ్జిట్లకు నంబర్లుంటాయి. మనుషుల ఎగ్జిటుకు తేదీ ఉంటుంది. శ్రీలతది వచ్చే నెల ముప్పయ్యో తారీఖు. ఆస్పత్రివాళ్లు కాంట్రాక్టు పొడిగించలేదు. మిగిలిన సెలవు పన్నెండు రోజులు. అది రేపు మొదలవుతుంది. ఇన్నేళ్లలో ఆమె చూసిన సౌదీ అరేబియా అంతా మలాజ్ ఫ్లాటు నుంచి ఆస్పత్రి దాకా, ఆస్పత్రి నుంచి ఫ్లాటు దాకా, అది కూడా పరదాలు వేసిన స్టాఫు బస్సులోంచి. నిరుడు పట్టుబట్టి కారు నేర్చుకొని లైసెన్సు తీసుకుంది. "ఇన్నేండ్లు ఈ దేశం నన్ను సూసింది. పోయేముందు నేను దీన్ని సూసి పోవాలె. రాబిగ్ దాకా నేనే నడుపుకుంట పోయి సముద్రంల కాళ్లు వెట్టాలె," అంది. ఆ మాట పట్టుకొనే సదానందం బండి కట్టడం మొదలుపెట్టాడు. కంపెనీ మూతబడి రెండేళ్లుగా ఆమె ఇఖామా అనే నివాస పత్రం మీద డిపెండెంటుగా ఇంట్లో ఉంటున్నవాడు, చూపు మందగించి లైసెన్సు రానివాడు, ఆమెకు ఇవ్వగలిగింది తన చేతిపని ఒక్కటే.

ఇచ్చాడు. అదిప్పుడు నోరు తెరుచుకొని కింద నిలబడి ఉంది.

"రేపెట్ల పోవాలె?" అడిగింది కిటికీ వైపు నుంచి తిరగకుండానే.

"తలుపు లేని బండిని పోలీసులు పోనియ్యరు," అన్నాడు సదానందం.

"తలుపున్నా ఆ తలుపుల నుంచి నేను దిగ."

"అయితే మీ అన్ననడుగు. కంపాసు సూసి సెప్తడు ఎట్ల దిగాలెనో."

"బావా, మాట మర్యాదగ రానీ!"

"మర్యాదనా? మూడు వారాలు నా సోఫ మీద పండి, నా పనికి పేర్లు పెట్టినవ్. ఈడ స్క్రూ కొట్టకు, ఆడ మేకు కొట్టకు, ఈశాన్యంల బరువు వెట్టకు! నీ మాటినే నా పెండ్లాన్ని సావుదాక తీస్కపోయిన. ఎడారిల ఒంటెను గూడ వాస్తు సూసే కట్టేస్తవా నువ్వు?"

"నీ సోఫనా? ఇంటి కిరాయి ఎవలు కడుతున్నరో ఎరుకేనా నీకు?"

ఆ మాట గదిలోకి వచ్చి కూర్చుంది.

సదానందం మెల్లిగా లేచాడు. "ఇన్నవా? మీ అన్న ఏమన్నడో ఇన్నవా?"

"ఇన్న." శ్రీలత అన్న వైపు తిరిగింది. కోపానికి ఎవరో ఒకరు కావాలి. వేలితో చూపించిన మనిషి ఎదురుగానే ఉన్నాడు. "అన్నా, నీ బ్యాగు సదురుకో."

"ఏందే?"

"పో. ఉనైజకు పో. నీ కంపాసు, నీ నిమ్మకాయలు అన్ని పట్టుకపో. నువ్వు దిక్కులు సూసినవ్, నేను దిక్కులేని సావు సస్తుంటి. ఒక్క అడుగు ముందుకేసి ఉంటే ఇయ్యాల నా పీనుగకు కాయితాలు రాయిస్తుండేటోల్లు మీరిద్దరు!"

లింబాద్రి మొహంలో మీసం తప్ప ఇంకేదీ నిలబడి లేదు. "నీ మంచికే సెప్పిన చెల్లె. అవ్వ మీద ఒట్టు. నీకు లక్ష్మి రావాలెనని..."

"లక్ష్మి రాలే. ట్యాంకరొచ్చింది."

అతను సోఫా కింద నుంచి బ్యాగు లాగి, ఆరేసిన లుంగీ తీసి, మడతపెట్టకుండానే కుక్కాడు. ఫోను చార్జరు వెతుకుతూ రెండుసార్లు అదే చార్జరును తొక్కాడు. సదానందం మళ్లీ సోఫాలో కూర్చున్నాడు. బావ మీద గెలిచినవాడు కాళ్లు చాపుకుని కూర్చోవాలి. అతను మోకాళ్లు దగ్గరికి తీసుకొని కూర్చున్నాడు.

అప్పుడే ఫక్రుద్దీన్ వచ్చాడు. పాతబస్తీ మనిషి, ఎదురు ఫ్లాటులో ఉంటాడు. పన్నెండు రోజులకు పికప్పును అరువిచ్చిందీ, ఆమె పేరున తఫ్వీజ్ తీయించిందీ అతనే. ఇంకొకరి బండి నడపాలంటే ఆ కాగితం ఉండాలి. గుమ్మంలో చెప్పులు విడుస్తూ, బ్యాగుతో ఎదురొచ్చిన లింబాద్రిని చూశాడు.

"కిధర్ భాయ్?"

"ఉనైజ. తలుపు నేనే ఎడమకు పెట్టిచ్చినంట. చెల్లెను నేనే సంపవోయినంట."

ఫక్రుద్దీన్ ఒక చెప్పు విడిచాడు. రెండోది విడవలేదు. లింబాద్రి భుజం మీదుగా సదానందాన్ని చూశాడు.

"ఫక్రూ, కింద రేకు కొలవాలె, పా పా," అంటూ సదానందం ఒక్క ఉదుటున లేచి గుమ్మం దాకా వచ్చాడు. అంతసేపూ సోఫాకు అతుక్కున్న మనిషికి ఇంత చురుకు ఎక్కడిదో శ్రీలతకు అర్థం కాలేదు. అర్థం కాకపోవడంలోనే ఏదో దాగుందని ఆమెకు అర్థమైంది.

"ఆగుండ్రి ఫక్రుభాయ్."

అతను ఆగాడు.

"మీరు ఆ బండి కాడ మూడు నెలలు ఉన్నరు. మా అన్న సెప్తేనే తలుపు అటు పెట్టిండా?"

"చెల్లెమ్మా, మీ ఇంటి సంగతి..."

"మా ఇంటి సంగతి పొద్దుగాల రోడ్డు మీద పడ్డది. సెప్పుండ్రి."

"ఫక్రూ, పా అంటున్న!"

ఫక్రుద్దీన్ రెండో చెప్పు కూడా విడిచాడు. లోపలికొచ్చి, ఎవరి మొహమూ చూడకుండా గోడ మీది క్యాలెండరుకు చెప్పినట్టు చెప్పాడు. "లింబాద్రి భాయ్ ఉనైజా నుంచి వచ్చేసరికే బొక్క కోసి వారం అయింది. మీద తాటిపత్రి కప్పి ఉండె. నేను కోసిన దినమే చెప్పినా. ఉస్తాద్, ఇది ఇండియా నై, ఇక్కడ బండి కుడి పక్కన నడుస్తది, మనిషి కుడి పక్కనే దిగాలె అన్నా. ఉస్తాద్ తల మీద చెయ్యి పెట్టుకుండు. ఎవరికీ చెప్పకు అన్నడు."

"మరి తూర్పు?" లింబాద్రి గొంతు సన్నగా వచ్చింది. "నేనే కద తూర్పు అన్నది?"

ఫక్రుద్దీన్ నిట్టూర్చాడు. "మీరు వచ్చే ముందు దినం నాతోని బండిని తిప్పించిండు. ఎందుకు ఉస్తాద్ అంటే, మా బావ వచ్చి తూర్పు అంటడు, కోసిన పక్క తూర్పుకు రావాలె అన్నడు."

లింబాద్రి చేతిలోంచి బ్యాగు జారింది.

"నా వాస్తుకే వాస్తు సూసినవా బావా!"

సదానందం గోడకు ఆనుకున్నాడు. గల్ఫుకు రాకముందు పన్నెండేళ్లు నిజామాబాద్‌లో బాడీ షెడ్డులో పనిచేసిన మనిషి. ఎన్ని బస్సులకు, ఎన్ని వ్యాన్లకు తలుపులు పెట్టాడో లెక్కలేదు. అన్నీ ఎడమకే, జనం దిగే పక్కకే. ఇక్కడికొచ్చాక ఇళ్ల తలుపులు, బడి బెంచీలు చేశాడు గానీ బండి ముట్టుకోలేదు. ఇన్నేళ్లకు ముట్టుకునేసరికి మనిషి రియాద్‌లో ఉన్నాడు, చెయ్యి మాత్రం నిజామాబాద్ షెడ్డులోనే ఉంది. పెన్సిలు దానంతటదే ఎడమకు పోయింది.

"కోసినంక యాదికొచ్చింది," అన్నాడు. "కుడి పక్క అల్మార అప్పటికే బిగిచ్చిన. మల్ల కోస్తే అందరికి తెలుస్తది. ఈడ నన్ను ఉస్తాద్ అని ఒక్క ఫక్రు పిలుస్తడు. గదొక్కటి మిగిలింది నాకు."

"గందుకని నన్ను బలివెట్టినవా?" లింబాద్రి మీదికొచ్చాడు. "రెండు గంటల సంది నన్ను తిట్టిపిచ్చి, సోఫల కూసోని టేపు వాయించుకుంటవా? థూ! తోటల గాడిదె గూడ తన తప్పు తనే మోస్తది బావా!"

ఫక్రుద్దీన్ నడుం పట్టి ఆపాడు. ఆ పెనుగులాటలో క్యాలెండరు కింద పడింది. ఎవరూ తీయలేదు.

శ్రీలత అరవలేదు. అరుస్తుందని ముగ్గురూ ఎదురుచూశారు. ఆమె లోపలికెళ్లి, యూనిఫాం జేబులోంచి ఊదారంగు సిరా పెన్నొకటి తీసుకొని, ముగ్గురినీ దాటుకొని మెట్లు దిగింది.

బండి లోపల వార్నిషు వాసన ఇంకా పోలేదు. కుడిగోడ పొడవునా సదానందం చేసిన అల్మారా. మడిస్తే తలుపు, విప్పితే బల్ల. సొరుగులకు చేత్తో చెక్కిన అంచులు. మూడు వారాల పని. బండి మొత్తంలో దాన్నే అతను వచ్చినవాళ్లందరికీ తెరిచి, మూసి, మళ్లీ తెరిచి చూపించేవాడు.

ఆమె దాని నడిమధ్యలో, పైనుంచి కింద దాకా, రెండు నిలువు గీతలు గీసింది. మీదొక అడ్డగీత.

"ఈడ కొయ్యి," అంది, వెనక వచ్చి నిలబడ్డ మొగుడితో.

"అల్మార..."

"ఈ పెన్ను ఏందో ఎరుకేనా నీకు? ఆపరేషన్ థియేటర్ల కొయ్యవోయే కాడ గీత గీసేది. ఎడమ కాలు బదులు కుడి కాలు కొయ్యకుండ. కోసే ముంగట అందరం ఆగుతం. పేషెంటు పేరు, ఏ పక్క, ఏ పని, పైకి సెప్తం. ఎవలకు అనుమానమున్నా నోరు తెరవాలె. ఊడ్సే మనిషికున్నా సరే. తెలిసి నోరు తెరవనోన్ని మల్ల థియేటర్లకు రానియ్యం." పెన్ను మూత బిగించింది. "కొయ్యి. నేను రేపు పోతున్న."

కోతలు రెండు రకాలు. నోటితో కోసేవి, రంపంతో కోసేవి. సదానందం ఇన్నాళ్లూ రెండింట్లోనూ మొనగాడు. ఆ మధ్యాహ్నం మొదటి రకం పూర్తిగా బందయింది. రంపం మాత్రం మూడు గంటలు ఆగలేదు. చెక్కిన అంచులు, మడత బల్ల, సొరుగులు ముక్కలై ఇసుకలో పడ్డాయి. ఫక్రుద్దీన్ ఎడమ బొక్కకు రేకు పట్టుకున్నాడు. లింబాద్రి ఉనైజా బస్సు మానుకున్నాడు గానీ మాట్లాడటం కూడా మానుకున్నాడు. రివెట్లు ఒక్కొక్కటే అందించాడు, అందించిన ప్రతిసారీ బావ చేతిలో పెట్టకుండా నేల మీద పడేశాడు. సదానందం ప్రతిసారీ వంగి ఏరుకున్నాడు.

ఆకలి ఎవరికీ వేయలేదు. వేసినా ఎవరూ చెప్పలేదు.

మూడు కావస్తుండగా అతను పైకి వచ్చాడు. ఒళ్లంతా పొట్టు. శ్రీలత సూట్‌కేసులో బట్టలు సర్దుతోంది. అతను పడగ్గది గుమ్మం దగ్గర కూర్చుని, స్క్రూడ్రైవరుతో మడతబందులు ఒక్కొక్కటే విప్పి, తలుపును ఊడదీసి, వీపు మీద వేసుకున్నాడు. బిల్డింగు ఓనరుకు ఏం చెబుతావని ఆమె అడగలేదు. వేరే తలుపు దొరకలేదని అతను చెప్పలేదు. ఆ ఇంట్లో కొన్నాళ్లుగా ఆ తలుపుకు మూసుకోవాల్సిన అవసరం పెద్దగా పడటం లేదు.

సాయంత్రం అసర్ నమాజు అయి ఫక్రుద్దీన్ మసీదు నుంచి తిరిగొచ్చేసరికి కుడివైపు తలుపు నిలబడింది. ఎడమ పక్క రేకు నున్నగా మూసుకుంది.

శ్రీలత సూట్‌కేసుతో దిగింది. తలుపు తీసింది, మూసింది. ఎక్కింది, దిగింది. దిగిన చోట ఇసుక ఉంది, దానవతల గోడ ఉంది. తలుపు ఎక్కడా ఒరుసుకోలేదు, కీచుమనలేదు. వెంట్రుకవాసి తేడా లేదు.

సదానందం ఒక్క మాట కోసం నిలబడ్డాడు. బాగుందనక్కర్లేదు. సరే అన్నా చాలు.

"పొద్దుగాల నువ్వు ఏడ నిలవడ్డవ్?" అని అడిగింది ఆమె.

"ఎప్పుడు?"

"నేను చాయ్ పట్టుకొని దిగేటప్పుడు."

"బండెన్క."

"బండెన్క నిలవడ్డోనికి ఎన్కకెల్లి వచ్చే బండ్లు కనవడుతయా?"

అతని చేతిలో రివెట్ గన్ను ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, మళ్లీ చేతిలోనే ఉంచుకున్నాడు.

"ట్యాంకరు కనవడ్డదా?"

లింబాద్రి తల ఎత్తాడు. ఫక్రుద్దీన్ తల దించాడు.

"కనవడ్డది."

"తలుపు తీసుడు?"

"కనవడ్డది."

"మరి?"

"నోట్లెకు వచ్చింది శ్రీలతా. ఆగు అందామని. ఆగు అంటే ఎందుకంటవ్. ఎందుకంటే తలుపు ముచ్చట సెప్పాలె. ఏమని సెప్పాలె అనుకుంటున్న..."

"అనుకుంటున్నవ్."

"అంతల్నే అది వచ్చేసింది. అంతే. ఒక్క గడియ గూడ కాలే."

"యా అల్లా," అన్నాడు ఫక్రుద్దీన్, తనకే వినబడేంత.

లింబాద్రి పొద్దున్నుంచీ వెతుకుతున్న తిట్టు ఇప్పుడు నోటిదాకా వచ్చింది. చెల్లెలి మొహం చూసి దాన్ని మింగేశాడు.

శ్రీలత కట్టు కట్టిన చెయ్యి చాపింది, ఫక్రుద్దీన్ వైపు. "తాళంచెవి ఇయ్యిండ్రి భాయ్."

"రేపు పొద్దుగాల కదా చెల్లెమ్మా?"

"ఇప్పుడు."

"చెయ్యి వాచింది..."

"కుడిచెయ్యి వాయలే."

అతను జేబులోంచి తీసి ఇచ్చాడు. ట్రైలరు కొక్కెం, గొలుసు, లైటు వైరు తనే వంగి చూసుకుంది. పొద్దున ఫక్రుద్దీన్ నేర్పినట్టే, వరసగా. సూట్‌కేసు లోపల పెట్టి, పడగ్గది తలుపు మూసి, గొళ్లెం వేసింది.

"చెల్లె," అన్నాడు లింబాద్రి, ఇంకేం అనాలో తెలియక గడియారం చూసి. "రాహుకాలం ఇప్పుడే పోయింది."

"మంచిది అన్నా."

ఆమె డ్రైవరు సీట్లో ఎక్కింది. ఇంజను అందుకుంది. సదానందం బండికి కుడివైపు నిలబడి ఉన్నాడు, పక్కసీటు తలుపుకు రెండడుగుల దూరంలో, పొట్టు రాలుతున్న చొక్కాతో. రమ్మని ఆమె అనలేదు. వద్దనీ అనలేదు.

పికప్పు కదిలింది. వెనక ట్రైలరు మూలిగి, బారెడు ముందుకు జరిగింది. ఆగింది. వెనక బ్రేకు ఎర్రలైట్లు వెలిగాయి, ఆరలేదు.

పక్కసీటు తలుపులో టక్‌మని చప్పుడైంది.

"ఫక్రూ," లింబాద్రి గుసగుసగా అడిగాడు, "లాక్ తీసిందా? ఏసిందా?"

"నా బండే గానీ నాకూ తెల్వదు భాయ్. రెండిటికీ ఒక్కటే చప్పుడు. లాగి చూస్తేనే తెలుస్తది."

అద్దం ఎక్కించి ఉంది. లోపల శ్రీలత ముందుకే చూస్తోంది. సదానందం చెయ్యి పిడి దాకా పోయి, దాని మీద పడకుండా గాలిలోనే ఆగింది. ఎర్రలైట్లు ఆరిపోయాయి.